రెండు చుక్కలు, ఒక సరిహద్దు

విక్టోరియా పటాన్ని ఒకసారి చూడండి. ఉత్తరాన ముర్రే నది వంకర్లు తిరుగుతూ సరిహద్దుగా సాగుతుంది. తూర్పు కొసకి వచ్చేసరికి ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. 2020 జూలైలో కోవిడ్ వల్ల న్యూ సౌత్ వేల్స్ ఈ సరిహద్దు మూసేస్తే, మెల్బోర్న్‌లో కొందరు, సిడ్నీలో కొందరుగా ఉన్న మన కుటుంబాలు నవంబరు దాకా ఎదురుచూశాయి. మనలో చాలామంది ఆల్బరీ దగ్గర నదిని దాటేవాళ్ళమే. సముద్రం పక్కన ప్రిన్సెస్ హైవే మీదుగా వెళితే మాత్రం దాటేది ఆ గీతనే.

1850లో బ్రిటిష్ పార్లమెంటు విక్టోరియాను వేరు చేస్తూ చట్టం రాసింది. కేప్ హౌ నుంచి ముర్రే నది పుట్టుకల్లో దగ్గరిదాని దాకా ఒక సరళరేఖ, అంతే. లండన్‌లో ఒక వాక్యంతో పని అయిపోయింది. ఇక్కడ మాత్రం అది రెండు దశాబ్దాలు కాగితం మీదే ఉండిపోయింది. రేఖ గీయాలంటే ముందు చుక్కలు కావాలి కదా! కొండల్లో ఎన్నో వాగులు కలిసి నది అవుతున్నప్పుడు, పుట్టుక ఏది? 1870లో అలెగ్జాండర్ బ్లాక్ అనే సర్వేయరు ఆ అడవుల్లో తిరిగి, ఫారెస్ట్ హిల్ దగ్గరి ఊటను తేల్చాడు. కేప్ హౌ దగ్గర కూడా ఇరు కాలనీల అధికారులు కలిసి ఒక చోటు ఒప్పుకున్నారు. దాని పేరే కాన్ఫరెన్స్ పాయింట్.

ఇక మిగిలింది మా అమ్మాయి స్కూల్లో చేసే లెక్కే. ఊట సుమారు 36.80 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 148.20 తూర్పు రేఖాంశం. కేప్ హౌ 37.51, 149.98. అక్షాంశాల తేడా 0.71ని రేఖాంశాల తేడా 1.78తో భాగిస్తే వాలు దాదాపు 0.4. అంటే తూర్పుకి ఒక డిగ్రీ జరిగితే దక్షిణానికి 0.4 డిగ్రీ దిగాలి. సమీకరణం వచ్చేసింది. "అయిపోయింది కదా నాన్నా?" అంది.

అవలేదు. భూమి గుండ్రం. గోళం మీద అతి దగ్గరి దారిని అక్షాంశ రేఖాంశాల గళ్ళలో వేస్తే అది వంగుతుంది. నేను లెక్క వేసి చూస్తే, అసలు రేఖ మధ్యలో మన సమీకరణం కంటే దాదాపు అర కిలోమీటరు దక్షిణంగా పోతుంది. స్కూలు లెక్కనే నమ్ముకుంటే విక్టోరియాకి ఆ మేర నేల ఊరికే కలిసొచ్చేది!

విక్టోరియా ప్రభుత్వ ఖగోళవేత్త ఎలరీ ఆధ్వర్యంలో ఆ వంపును కూడా లెక్కలోకి తీసుకుని బయలుదేరే దిశను కట్టారు. బ్లాక్, అలెగ్జాండర్ అలన్ పనిని పంచుకుని, థియోడలైటుతో కొండ నుంచి కొండకి చూపు సారిస్తూ, చెట్లు నరికించుకుంటూ, రాళ్ళ గుట్టలు పేర్పిస్తూ నడిచారు. ఇలాంటి అడవి కష్టాలు మన నేలకీ కొత్త కాదు. 1818లో హైదరాబాదులో లాంబ్టన్ సర్వేలో చేరిన జార్జ్ ఎవరెస్ట్, మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచాన పడ్డాడు.

1872లో గీత సముద్రం చేరింది. సుమారు 176 కిలోమీటర్లు నడిచాక, కాన్ఫరెన్స్ పాయింటుకి తప్పింది అడుగున్నర లోపే. ఉపగ్రహాల చేయూతతో ఫోనులో దారి వెతుక్కుంటూ కూడా సందు తప్పే నాలాంటివాడికి ఇది నమ్మశక్యం కాని పని. చట్టబద్ధంగా ఈ గీతను సరిహద్దుగా ప్రకటించడానికి మాత్రం మరో 134 ఏళ్ళు పట్టింది. 2006లో ఆ లాంఛనం పూర్తయి, బ్లాక్-అలన్ రేఖ అనే పేరు ఖాయమైంది.