మోకాలి చిప్పపై భారం: మారుతూ వచ్చిన అవగాహన

మోకాలి చిప్ప నొప్పికి వైద్యులు తొలుత తప్పుపట్టింది దాని వెనుక నున్నగా పరుచుకున్న మృదులాస్థిని, జనం గుజ్జు అనేదాన్ని. 1906లో బ్యూడింగర్ అందులోని పగుళ్లను వర్ణించాడు. ఆలెమన్ 1928 నాటి రచనతో దాని మెత్తబాటుకు ‘కాండ్రోమలేషియా’ అన్న పేరు వ్యాపించింది.

1937లో బ్రిటిష్ సర్జన్ రాల్ఫ్ బ్రూక్ అసలు చిప్పతో పెద్ద ప్రయోజనమే లేదనీ, విరిగితే తీసేయవచ్చనీ వాదించాడు. 1945లో హాక్స్‌టన్ ప్రయోగాలు ఆ మాటను కొట్టేశాయి. తొడ కండరం లాగే దారిని చిప్ప కీలు నుంచి ముందుకు జరుపుతుంది. కాలు చాచే శక్తి అందువల్ల పెరుగుతుంది. చిప్ప తీసేస్తే అదే పనికి కండరం మరింత శ్రమపడాలి.

ఈ సాయం ఊరికే రాదు. మోకాలు వంగినప్పుడు పైనుంచి తొడ కండరమూ, కింద కాలి ఎముకకు కట్టిన బంధమూ చిప్పను చెరోవైపు లాగి తొడ ఎముకకు అదుముతాయి. 1972లో రైలీ, మార్టెన్స్ ఈ బలాన్ని లెక్కగట్టారు: చదును నేలపై నడకలో శరీర బరువులో సగం, మెట్ల మీద 3.3 రెట్లు, గుంజీళ్లలో 7 రెట్లకు పైనే. అంటే 60 కిలోల మనిషి మెట్లెక్కుతుంటే చిప్పపై దాదాపు 200 కిలోల భారం. వంగేకొద్దీ ఎముకలు తాకే వైశాల్యమూ పెరిగి ఒత్తిడిని కొంత పంచుతుంది కాబట్టే కీలు తట్టుకుంటుంది.

యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర్‌రెడ్డి ఇండోర్ స్టేడియంలో షటిల్ కోసం ముందుకు దూకి కాలు వంచి ఆగినప్పుడూ, ఫిలింనగర్ డాన్సర్లు ఒకే స్టెప్పును మళ్లీ మళ్లీ వేసినప్పుడూ, కూచిపూడి అరమండిలోనూ ఈ లెక్కే పనిచేస్తుంది. హైదరాబాద్‌లో ఎదిగిన సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని, మరుసటి ఏడాదే గ్లాస్గో ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచింది. 2024లో మోకాళ్లలో ఆర్థ్రైటిస్ ఉందని ఆమే వెల్లడించింది. ఏళ్ల తరబడి ఆట కీలుపై ఎంత బరువు మోపుతుందో తెలుగు పాఠకులు దగ్గరగా చూసిన ఉదాహరణ ఇది.

అయితే అరుగుదలా నొప్పీ ఒకటి కావు. మృదులాస్థిలో నరాలు లేవు. స్కాట్ డై అనే అమెరికన్ సర్జన్ కీలు లోపల మత్తు లేకుండానే తన మోకాళ్లలో పరీక్ష చేయించుకుని, 1998లో ఫలితం ప్రచురించాడు: చిప్ప గుజ్జును తాకితే ఏమీ తెలియలేదు, చుట్టూ ఉన్న పొరనూ కొవ్వు మెత్తనూ తాకితే తీవ్రంగా నొప్పెట్టింది. తట్టుకోగల హద్దు దాటిన భారమే నొప్పికి మూలమన్నది ఆయన వాదన. 2003లో పవర్స్ బృందం ఎమ్మారై చిత్రాలతో మరో కోణం చూపింది: బరువు మోపినప్పుడు చిప్ప పక్కకు జరిగినట్టు కనిపించినా, కొందరిలో లోపలికి తిరుగుతున్నది దాని కింది తొడ ఎముకే. అందుకే నేటి చికిత్సలో గుంజీళ్లు, దూకుళ్లు కొంతకాలం తగ్గించి, తొడతో పాటు తుంటి కండరాలనూ బలపరచి, భారాన్ని మెల్లగా మళ్లీ పెంచుతారు.