రాయ్‌పూర్‌లో పబ్లిక్ ఆర్ట్: రంగు వేసే ముందే తేల్చుకోవాల్సినవి

టికెట్ కొనకుండా, దారిన పోయే ఎవరైనా చూడగలిగే కళే పబ్లిక్ ఆర్ట్. కూడళ్లలోని శిల్పాలు, ఫ్లైఓవర్ స్తంభాలపై బొమ్మలు దీని కిందికే వస్తాయి. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో బూఢా తాలాబ్ మధ్య నిలిచిన వివేకానంద విగ్రహమూ అంతే. 2016 మేలో వరంగల్‌తో పాటు స్మార్ట్ సిటీల జాబితాలో చేరిన ఈ నగరం చుట్టూ కళాకారులకు కొదవ లేదు. ఆ కళ నగరంలోకి ఏ షరతులపై రావాలన్నదే అసలు ప్రశ్న.

ఎవరి బాధ్యత?

74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. సాంస్కృతిక, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం అందులో 13వది.

నిధులెక్కడివి?

అమెరికాలోని ఫిలడెల్ఫియా 1959లోనే నిర్మాణ వ్యయంలో 1 శాతాన్ని కళకు కేటాయించే పద్ధతి తెచ్చింది. ఆ లెక్కన రూ.20 కోట్ల భవనానికి రూ.20 లక్షలు వస్తాయి.

ఏ కళ ఎక్కడ?

బస్తర్ డోక్రా లోహశిల్పం ఆరుబయట నిలుస్తుంది. మైనపు తీగలతో రూపం చేసి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మట్టి అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ ఓజాలదీ ఇదే పద్ధతి.

సర్గుజా ప్రాంతానికి చెందిన సోనాబాయి రజ్వార్ తన ఇంటికి చేసుకున్న మట్టి జాలీలు పేరు తెచ్చుకున్నాయి. అలాంటి పని వానకు ఆగదు. రైల్వే స్టేషన్, ఆస్పత్రి వరండా వంటి కప్పున్న చోట్లే దానికి తగినవి.

కళాకారుడి హక్కు

చదరపు అడుగు రేటుకు టెండరు పిలిస్తే పని పెయింటింగ్ కాంట్రాక్టర్‌కు వెళ్తుంది. బస్తర్ బొమ్మ గోడెక్కుతుంది, దాని కళాకారుడి పేరు ఎక్కదు.

తీసేసేటప్పుడూ చిక్కులుంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఆయనకు చెప్పకుండానే తొలగించింది. అది దెబ్బతింది. మిగిలిన భాగాలు తిరిగిచ్చి, రూ.5 లక్షల పరిహారం చెల్లించాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ దీనికి ఆధారం.

అందుకే ఒప్పందంలో నాలుగు విషయాలు ముందే రాసుకోవాలి: కళాకారుడి పేరు ఎక్కడ ఉంటుంది, పారితోషికం ఎంత, ఏటా మరమ్మతు ఖర్చు ఎవరిది, తొలగించాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి.