హెచ్‌ఐవీ, చిగుళ్ల జబ్బు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

హెచ్‌ఐవీ ఉన్నవారికి చిగుళ్ల జబ్బు రెండు తీరులుగా వస్తుంది. పాచి పేరుకొని, గార కట్టి, ఎవరికైనా వచ్చే వాపు మొదటిది. రెండోది రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడు, ముఖ్యంగా ఆ శక్తికి ఆధారమైన సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తంలో 200 కంటే తగ్గినప్పుడు ఎక్కువగా కనిపించే చిగుళ్ల కుళ్లు. ఇందులో రెండు పళ్ల మధ్య చిగురు మొన చచ్చి, అక్కడ చిన్న గుంట పడుతుంది. దానిమీద బూడిదరంగు పొర ఉంటుంది. బ్రష్ తగలకపోయినా నెత్తురు కారుతుంది. సంగటి ముద్ద కూడా మింగుడుపడనంత నొప్పి. అశ్రద్ధ చేస్తే ఎముక కరిగి, కొన్ని వారాల్లోనే పన్ను ఊగుతుంది. ఒక్కోసారి రక్తపరీక్షకంటే ముందే హెచ్‌ఐవీని పట్టించేది ఈ పుండే.

పళ్ల అంచు వెంట కనిపించే ఎర్ర చారిక వేరు. దాని వెనుక తరచు కాండిడా అనే శిలీంధ్రం ఉంటుంది. చిగుళ్ల జబ్బుల 1999 నాటి అంతర్జాతీయ వర్గీకరణ దాన్ని శిలీంధ్ర వ్యాధుల్లోనే చేర్చింది.

చికిత్స కష్టమైనదేమీ కాదు. దంతవైద్యులు చచ్చిన కండను, గారను తీసి, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించమంటారు. కుళ్లు ఉంటే మెట్రోనిడజోల్ రాస్తారు. ఆ మాత్రలు వాడే రోజుల్లో మద్యం తాగకూడదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఆపకుండా వేసుకోవడమే అన్నిటికీ మూలం. భారత ప్రభుత్వం వాటిని 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా మొదలుపెడుతున్నారు.

పాత చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలకు వైద్యం కొత్త కాదు. మదనపల్లె పక్కనే 1910ల్లో వెలసిన ఆరోగ్యవరం క్షయ శానటోరియం దక్షిణ భారతమంతటా పేరు పొందింది. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. చికిత్సకు అసలు అడ్డు భయమే. చిన్న ఊళ్లో హెచ్‌ఐవీ ఉందని డాక్టరుకు చెబితే నలుగురికీ తెలుస్తుందని నోరు తెరవరు. ఉప్పునీళ్లు, లవంగంతో నెట్టుకొస్తారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. అయితే పన్ను తీసే ముందు, రోగి వాడుతున్న మందులు, ప్లేట్‌లెట్ల లెక్క దంతవైద్యులకు తెలియాలి. పనిముట్ల శుద్ధి, గ్లవ్స్ ప్రతి రోగికీ ఒకే తీరుగా ఉండాల్సినవే కాబట్టి, హెచ్‌ఐవీ ఉందని పంపేయడానికి వైద్యపరంగా కారణం లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా ఆ కారణంతో వైద్యం నిరాకరించడాన్ని నిషేధించింది. చికిత్సలో తెలిసిన హెచ్‌ఐవీ సంగతిని, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు.