లండను నగరపు మేయరు పదవి – పూర్వవృత్తాంతము

ఏటేట మన మహాసభ సమకూడినపుడు అధ్యక్షు నెన్నుకొని పూలమాలలతో సత్కరించుట యాచారమై యున్నది. ఆ గౌరవ మెవ్వరిది? ఎన్నికైనవానిదా, ఎన్నుకొనినవారిదా? ఈ ప్రశ్నకు లండను నగరచరిత్రమున మంచి సమాధాన మున్నదని తోఁచి, చదువరులకు విన్నవించుచున్నాము.

మేయరను పదము లాటినుభాషలో 'అధికుఁడు' అని యర్థమిచ్చు శబ్దమునుండి పుట్టినది. మన 'మహీయాన్' దానికి జ్ఞాతిశబ్దము. మనవారును వర్తకశ్రేణికి పెద్దయైనవానిని శ్రేష్ఠి యనిరి. అదియే సెట్టి యైనది.

లండను తొలి మేయరు హెన్రీ ఫిట్జ్ ఐల్విన్. ఇతఁడు 1189 ప్రాంతమున పదవికి వచ్చి, 1212లో మరణించువఱకు నందే యుండెను. రిచర్డు రాజు దూరదేశమున యుద్ధము చేయుచుండఁగా, 1191లో రాజ్యమున కలహము పుట్టెను. అప్పుడు రాజసోదరుఁడగు జాను పౌరుల తోడ్పాటు గోరి వారి సంఘము నంగీకరించెను. ఆతఁడే రాజై, ప్రభువుల విరోధము ముదిరిన వేళ, 1215 మే 9వ తేదీని మేయరును ఏటేట పౌరులే యెన్నుకొను హక్కు నొసఁగెను. ఎన్నికైనవాఁడు రాజు నెదుట విశ్వాసప్రమాణము చేయవలెనని నియమము. మఱుసటి నెలలో వెలువడిన మాగ్నా కార్టాను కాపాడుటకు నేర్పడిన 25గురిలో మేయరు నొకఁడయ్యెను, తక్కినవారు ప్రభువులు.

1285లో మొదటి ఎడ్వర్డు రాజుయొక్క న్యాయాధికారులు కోటలో కొలువు దీర్చి, నగరమర్యాద ననుసరింపక మేయరును రప్పించిరి. నాఁటి మేయరగు గ్రెగరీ డి రోక్స్‌లీ చేరువనున్న దేవాలయమున కేగి, అధికారముద్రను సహపౌరుని చేత నుంచి, సామాన్యపౌరుఁడుగా లోనికిఁ బోయెను. రాజు కోపించి నగరస్వాతంత్ర్యమును హరించెను. 1298 వఱకు, 13 ఏండ్లు, లండనుకు మేయరు లేఁడు, రాజోద్యోగులే పాలించిరి. పౌరులు నష్టపడిరి గాని పదవి పరువు చెడలేదు.

ఈ పదవికి బలము వృత్తిశ్రేణులు. 1319 నాఁటి రాజశాసనముతో, శ్రేణివారి పూచీ లేక క్రొత్తవానికి పౌరత్వము దొరకుట దుర్లభమయ్యెను. శ్రేణులు తమవారిని పైకెత్తినవి; పైవారికి తలుపు మూసినవియును. ఈ రెండవది మన కాదర్శము గారాదు. వస్త్రవర్తకశ్రేణికిఁ జెందిన రిచర్డు విట్టింగ్టను పలుమాఱులు మేయరై, 1423లో మరణించుచు తన ధనమును ధర్మకార్యములకు విడిచెను. అతని పేరిటి వృద్ధులశాల నేఁటికిని నడచుచున్నది.

ఈ పద్ధతియే 1688లో చెన్నపట్టణమునకు వచ్చెను. అచ్చటి తొలి సభాసదులలో మన దేశపు వర్తకులు నుండిరి. 2000లో విశాల లండనుకు వేఱొక మేయరు పదవి యేర్పడినను, ప్రాచీననగరపు మేయరు నేఁటికిని ఏటేట నెన్నుకొనఁబడుచునే యున్నాఁడు.

మన సంఘమునఁ బదవిఁ గోరు యువకులారా! పీఠ మెక్కుట సులభము. పదిమంది గౌరవమునకు భంగము వాటిల్లినపుడు రోక్స్‌లీవలె ముద్రను విడిచి దిగుట కష్టము. అట్లు దిగఁగలవానినే మన మెన్నుకొందము గాక!