విద్వద్గద్వాలలో మరో గ్రంథం

గద్వాల పేరు వినగానే మన ఆడవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది చీరే! నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. కాస్త సాహిత్యం తెలిసినవాళ్లయితే 'విద్వద్గద్వాల' అంటారు. సంస్థానం రోజుల్లో ఎక్కడెక్కడి కవులో వచ్చి పద్యాలు వినిపించి సత్కారాలు అందుకునేవారు. చివరగా ఏలినదీ ఒక స్త్రీయే, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆ సభల గడప తొక్కే వీలులేని వాడలు కూడా ఈ నడిగడ్డలో ఉన్నాయి కదా! వాటిలోకి మరో గ్రంథం మెల్లగా నడిచి వచ్చింది. అది బైబిలు.

తెలుగులోకి అది రావడమే పెద్ద కథ. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు 1720ల నుంచి మద్రాసులో కూర్చుని తెలుగు చేశాడు. పాపం, అది అచ్చు ముఖం చూడలేదు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు. వారికి తోడు నిలిచినవాడు క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయరు. దొరలిద్దరూ 1810 నాటికే కన్నుమూశారు. కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూరులో అచ్చయింది. బైబిలు మొత్తం తెలుగులో రావడానికి 1854 దాకా ఆగాల్సి వచ్చింది. మన వేమనను వెలికితీసిన బ్రౌన్ దొర కూడా బైబిలు తెలుగుసేతలో చేయి చేసుకున్నవాడే. 1852 నాటి ఆయన నిఘంటువు తిరగేస్తే మన కావ్యాల పక్కనే బైబిలు వాక్యాలూ ఉదాహరణలుగా కనిపిస్తాయి.

పాలమూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు 1880లలో వచ్చారు. తర్వాత మెన్నొనైట్ బ్రెదరెన్ వాళ్లు నాగర్‌కర్నూలులో, వనపర్తిలో మిషన్లు పెట్టారు. గద్వాల కూడా తరువాత వారి చేతికే వచ్చింది. వారిలో కేథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో ఈ దేశం వచ్చి, 1945లో చనిపోయే దాకా ఇక్కడే వైద్యం చేసింది.

దొరలూ దొరసానులూ సరే, పుస్తకాన్ని ఇంటి లోపలికి తెచ్చిందెవరు? బైబిలు స్త్రీలు! చంకలో సంచీతో ఇంటింటికీ తిరిగి, పొయ్యి దగ్గర కూర్చుని చదివి వినిపించిన మన తెలుగు ఆడవాళ్లు. పరాయి మగవాడు వెళ్లలేని చోటికి వాళ్లు వెళ్లారు. వినిపించి ఊరుకోకుండా 'అ, ఆ'లు కూడా దిద్దించారు. చదువుకు దూరంగా ఉంచిన ఇళ్లలో కొందరు ఆడవాళ్లకు మొదటి వాచకం ఆ నల్ల అట్ట పుస్తకమే అయింది. చదవడం రాని వాళ్లకు పాటలుండనే ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారి కీర్తనలు మన రాగతాళాల్లోనే సాగుతాయి.

తమాషా ఏమిటంటే, పండితులు గ్రాంథికమా, వ్యావహారికమా అని తగువులాడుకుంటుంటే, నడిగడ్డ అవ్వ రెండూ చక్కబెట్టేసింది. కోడిని తోలేటప్పుడు అచ్చమైన పాలమూరు మాట, ప్రార్థనలో 'చేసెను, పలికెను'!

ఇంట్లోంచి ఆ గ్రంథం సాహిత్యంలోకీ నడిచింది. జాషువా 'క్రీస్తు చరిత్ర' 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. అంటరానితనం రుచి చూసిన కవి సిలువ కథ చెబితే ఆ బాధ మన ఊరి బాధే అనిపించదూ? 1978లో 'కరుణామయుడు' వచ్చాక, పుస్తకం ముట్టనివాళ్లు కూడా విజయచందర్ ముఖంలో క్రీస్తును చూసుకున్నారు.

అయితే ఇంటి గడప దాటి కచేరీ మెట్లెక్కేసరికి చిక్కు మొదలవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ మతం మారిన దళితులు బి.సి.-సి కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. అందుకే కొన్ని ఇళ్లల్లో ప్రార్థనలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో మరో పేరు. మతం మారితే దేవుడు మారవచ్చు. ఊరు చూసే చూపు మారిందా? ఈ ప్రశ్న మీదే 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

మనం ఏ దేవుడికి దీపం పెట్టినా సరే, ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి. కూతురి ఫీజు కోసం కాగితం మీద ఏ మతం రాయాలో తేల్చుకోలేక ఆగిపోయిన తల్లికి ఆ కాగితం చదవడం నేర్పింది, బహుశా, ఇంట్లో దాచుకోవలసి వస్తున్న ఆ పుస్తకమే.