సబ్బునురుగు – పట్టణపు నీరు

క్షురకర్మమున చరిత్ర యేమున్నదని మీరు నవ్వవచ్చును. కాని నీటి గుణమును సబ్బునురుగువలె వెంటనే తెలుపు సాక్షి వేరొకటి లేదు.

మా సికిందరాబాదు రాతినేల. ఇచ్చటి పెక్కు బావుల నీట సున్నమును, మెగ్నీషియమును గల లవణములు కరగియుండును. అవి సబ్బుతో కూడి తెట్టుకట్టును. నురుగు నిలువదు, కత్తి గీరును. బడిలో నేను వాననీటిని, బావినీటిని రెండు గిన్నెలలో పోసి, సబ్బు కలిపి, పిల్లలకు ఈ భేదమును చూపుచుండెడివాడను. వడగట్టిన నీరు తేటపడును గాని మెత్తబడదు. కాచినచో కొంత దోషము పోవును. ఆవిరిని చల్లార్చి పట్టిన నీట నురుగు మీగడవలె నిలుచును. కుంకుడురసమునకు మాత్రము ఈ లవణములు అడ్డుగావు. కావుననే మన పెద్దల తలంట్లు బావినీటితోనే సాగినవి.

వాననీటిని నిలుపు చెరువులు బావులకన్న మెత్తని నీరొసగుట సామాన్యము. 16వ శతాబ్దమున కుతుబ్‌షాహీలు హుస్సేన్‌సాగరమును కట్టించిరి. 1806లో సికందర్ జా పేరు దాల్చిన ఈ యూరు దాని చెంతనే పెరిగినది. 1908 నాటి మూసీ వరద పిదప, 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. ఒకనాడు త్రాగునీరిచ్చిన హుస్సేన్‌సాగరమో, మురుగు చేరి నేడు గడ్డము తడుపుటకైనను పనికిరాకున్నది.

ఆవిరినీటిని సీసాలలో కొననేల? తొలివానను పోనిచ్చి, పిమ్మటి వాననీటిని పట్టుకొనుడు. మీ యూరి చెరువున మురుగు చేరనీయకుడు. చెరువు చెడిన పిదప నెంత సబ్బు రుద్దినను ఆ నీటికి పూర్వగుణము రాదు.