వంతెన దాటినదెవరు?

కొన్ని వస్తువులకు పేరు పెట్టినవారు తెలిసో తెలియకో వాటి తలరాతను కూడా రాసిపెడతారు. "బ్రిడ్జ్ కెమెరా" అటువంటి పేరే. వంతెన మీద ఎవరూ కాపురం ఉండరు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటడానికే అది. ఈ గట్టున జేబులో పట్టే చిన్న కెమెరా, ఆ గట్టున కటకాలు మార్చుకోగలిగిన వృత్తిదారుల పెద్ద కెమెరా, నడుమ ఇది. నేర్చుకునేవాడు కొంతకాలం దీని మీద నడిచి, చేయి తిరిగాక అవతలి గట్టు చేరుకుంటాడనీ, చేరుకోనివాడు ఇంకా పని రానివాడేననీ ఆ పేరులోని అంతరార్థం.

అయితే నేటి వృత్తిదారుల చేతిలోని అద్దం లేని కెమెరా, అంటే మిర్రర్‌లెస్ కెమెరా, ఎక్కడి నుంచి వచ్చిందని చరిత్ర తిరగేస్తే నాకు వేరే కథ కనిపించింది. వంతెన దాటి వచ్చింది ఆ గట్టువారేనని నా అభిప్రాయం. ముందు ఆ కథ చెప్పి, తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచుతాను. కథ చిన్నదాని పక్షాన నిలుస్తుంది. తక్కెడ చాలామటుకు పెద్దదాని వైపు మొగ్గుతుంది. రెండూ చెబితేనే న్యాయం.

అద్దం ఏలిన కాలం

ఎస్సెల్లార్ కెమెరాలో కటకం గుండా వచ్చిన వెలుగు ఏటవాలుగా నిలిపిన ఒక అద్దం మీద పడి, పైకి మళ్ళి, ఛాయాగ్రాహకుని కంటికి చేరుతుంది. మీట నొక్కినప్పుడు అద్దం పైకి లేచి ఫిల్ముకు దారి ఇస్తుంది. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారైన కినే ఎక్సాక్టా 35 మి.మీ. ఫిల్ముకు ఈ పద్ధతిని తెచ్చింది. 1949లో అదే నగరం నుంచి వచ్చిన కాంటాక్స్ ఎస్ పెంటాప్రిజమ్‌ను నెత్తిన పెట్టుకుని, కుడి ఎడమలు తారుమారు కాని నిటారు బింబాన్ని కంటికి చూపింది. లేచిన అద్దం తనంతట తానే తక్షణం కిందికి దిగే ఏర్పాటు 1954లో జపాను అసాహీఫ్లెక్స్‌లో వచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చేసరికి అద్దం రాజ్యం స్థిరపడింది. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు వార్తాపత్రికల్లో, క్రీడా మైదానాల్లో, అడవుల్లో వృత్తిదారుని చేతిలో ఉన్నది ఎక్కువగా అద్దమున్న కెమెరాయే. టపటపమనే ఆ అద్దం చప్పుడే వృత్తి గౌరవానికి గుర్తయింది.

ఆ అద్దానికి రెండు లోపాలున్నాయి. చిత్రం తీసే క్షణంలో అది పైకి లేస్తుంది కనుక సరిగ్గా ఆ క్షణంలోనే ఛాయాగ్రాహకుడు గుడ్డివాడు. రెండవది, అద్దం చూపేది దృశ్యాన్ని. తయారు కాబోయే చిత్రం ఎంత వెలుగుతో వస్తుందో, ఏ రంగులో వస్తుందో అది చెప్పలేదు. ఈ రెండింటినీ లోపాలుగా చాలామంది లెక్కించలేదు.

చిన్న బింబం, పెద్ద చూపు

నికాన్ ఎఫ్ వచ్చిన 1959లోనే 35 మి.మీ. స్థిరచిత్ర కెమెరాలకు తొలి జూమ్ కటకం కూడా వచ్చింది. ఫ్రాంక్ బ్యాక్ రూపకల్పన చేసిన ఫోక్ట్‌లాండర్ జూమార్ అది. 36 నుంచి 82 మి.మీ. దాకా, అంటే రెండింతలకు కాస్త పైన మాత్రమే దాని విస్తారం. అయితే 1960ల దశకంలో 16 మి.మీ. సినిమా కెమెరాల మీద ఫ్రాన్సుకు చెందిన ఆంజెన్యూ కటకం 12 నుంచి 120 మి.మీ. దాకా, ఏకంగా పదింతలు సాగేది. ఈ తేడాకు కారణం ఫిల్ము పరిమాణం. బింబం పడే చోటు ఎంత చిన్నదైతే, అదే చూపుకు అంత పొట్టి కటకం, అంత తక్కువ గాజు చాలుతుంది. సూపర్‌జూమ్ కెమెరాల రహస్యమంతా ఇంతే. వాటి పూర్వీకులను వెదకవలసింది ఎస్సెల్లార్ వంశంలో కాదు, సినిమా కెమెరాల, వీడియో కెమెరాల ఇళ్ళలో.

1988లో రికో మిరాయ్, 1990లో ఒలింపస్ ఐఎస్-1 వంటి ఫిల్ము కెమెరాలు, ఊడిరాని జూమ్ కటకంతో ఎస్సెల్లార్‌కూ చిన్న కెమెరాకూ నడుమ నిలిచాయి. డిజిటల్ కాలంలో ఈ వంశం పూర్తిగా మారిపోయింది. 1998లో సోనీ మావికా ఎఫ్‌డీ91 ఫ్లాపీ డిస్కు మీద చిత్రాలు రాస్తూనే 14 ఇంతల జూమ్ ఇచ్చింది. 2000లో ఒలింపస్ సి-2100, చేతి వణుకును సరిదిద్దే 10 ఇంతల కటకంతో వచ్చింది. 2002లో పానసోనిక్ ఎఫ్‌జెడ్1, 12 ఇంతల పొడవునా ఎఫ్/2.8 వెలుగును నిలబెట్టింది. అక్కడి నుంచి పందెం మొదలైంది. 2012లో కెనాన్ ఎస్‌ఎక్స్50 50 ఇంతలకూ, 2015లో నికాన్ పి900 83 ఇంతలకూ, 2018లో నికాన్ పి1000 125 ఇంతలకూ చేరాయి. ఈ చివరిదాని చూపు, 35 మి.మీ. ఫిల్ము లెక్కలో, 24 నుంచి 3000 మి.మీ. దాకా. నిండు చంద్రుడు చట్రం పై అంచు నుంచి కింది అంచు దాకా నిండిపోతాడు.

ఈ డిజిటల్ కెమెరాల్లో అద్దం లేదు. సెన్సర్ మీద పడిన బింబమే విద్యుత్ రూపంలో వ్యూఫైండర్‌లోని చిన్న తెరకు చేరుతుంది. తొలినాళ్ళ ఆ తెరలు గరుకుగా, మసకగా, నత్తనడకన ఉండేవి. ఎగిరే పక్షి ఇప్పుడెక్కడుందో కాక, క్షణం కిందట ఎక్కడుందో చూపేవి. ఫోకస్ కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపి తడుముకునేది. వృత్తిదారులు నవ్వారు. ఆనాటి పరికరాలకు ఆ నవ్వు అన్యాయమేమీ కాదు. కానీ ఆ నత్తనడక తెర, అద్దం ఎన్నడూ చూపలేనిది చూపుతున్నది: మీట నొక్కకముందే, తయారు కాబోయే చిత్రాన్ని.

ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు

ఇక దాటడం మొదలైంది. సాధారణ డిజిటల్ కెమెరాలన్నిటికీ ఉన్న "తెర మీద చూసి తీసే" సదుపాయాన్ని కటకాలు మార్చుకునే డిజిటల్ ఎస్సెల్లార్‌లో ఒలింపస్ ఇ-330 2006లో తెచ్చింది. వీడియో తీయగల తొలి డిజిటల్ ఎస్సెల్లార్ నికాన్ డి90 వచ్చింది 2008లో. చవక కెమెరాలు అప్పటికే ఏళ్ళ తరబడి ఈ రెండు పనులూ చేస్తున్నాయి.

ఆ 2008లోనే ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ ప్రమాణాన్ని ప్రకటించాయి. అదే ఏడు వచ్చిన పానసోనిక్ జి1ను చేతిలోకి తీసుకుని చూస్తే అది దేని బిడ్డో తెలిసిపోతుంది. ఆకారం బ్రిడ్జ్ కెమెరాది, వ్యూఫైండర్‌లో విద్యుత్ తెర, లోపల అద్దం లేదు. కటకం మాత్రం ఊడివస్తుంది. 2013లో సోనీ ఎ7 ఇదే పద్ధతిని 36×24 మి.మీ. పూర్తి చట్రం సెన్సర్‌కు తెచ్చింది.

మిగిలిన పెద్ద చిక్కు ఫోకస్. దాన్ని తీర్చిన ఉపాయం, సెన్సర్‌లోనే దశాభేదాన్ని కొలిచే బిందువులను పొదగడం. ఆ ఉపాయం మొదట కనిపించింది 2010లో ఫ్యూజీఫిల్మ్ ఎఫ్300ఇఎక్స్ఆర్ వంటి చిన్న కెమెరాలో. 15 ఇంతల జూమ్ ఉన్న జేబు కెమెరా అది. కటకాలు మార్చుకునే కెమెరాల్లోకి మరుసటి ఏడాది నికాన్ 1తో వచ్చింది. రెండవ చిక్కు వేగం. సెన్సర్ వెనుకనే జ్ఞాపకాన్ని పొరగా అతికించి, బింబాన్ని మెరుపువేగంతో చదివే సెన్సర్ 2015లో సోనీ ఆర్‌ఎక్స్10-2లో ఉంది. అది బ్రిడ్జ్ కెమెరా. అదే పద్ధతితో వృత్తిదారుల ఎ9 వచ్చింది రెండేళ్ళ తరువాత, 2017లో. సెకనుకు 20 చిత్రాలు తీస్తూ, ఒక్క క్షణం కూడా కన్ను మూయని తొలి వృత్తి కెమెరా అది.

2018లో నికాన్, కెనాన్ పూర్తి చట్రం మిర్రర్‌లెస్ వైపు వచ్చాయి. 2020లో మిర్రర్‌లెస్ కెమెరాల ఎగుమతులు ఎస్సెల్లార్‌లను దాటాయి. 2021లో నికాన్ జెడ్9 యాంత్రిక షట్టర్‌ను కూడా వదిలేసింది. అద్దానికి సింహాసనం కట్టిన నికాన్ ఎఫ్ తరువాత 62 ఏళ్ళకు, అదే సంస్థ నుంచి, అద్దమూ యాంత్రిక షట్టరూ రెండూ లేని పెద్ద కెమెరా. విద్యుత్ తెర, సెన్సర్‌తోనే ఫోకస్, చప్పుడు లేకుండా తీయడం: ఒకప్పుడు బొమ్మ కెమెరాల లక్షణాలని చిన్నచూపు చూసినవన్నీ నేడు వృత్తి కెమెరా బిరుదులు.

తక్కెడలో వెలుగు

వంశవృక్షం ఎంత గొప్పదైనా చిత్రం వెలుగుతో తయారవుతుంది. ఎంత చెట్టుకు అంత గాలి. పి1000 సెన్సర్ వైశాల్యం దాదాపు 28 చదరపు మి.మీ., పూర్తి చట్రం సెన్సర్‌ది 864. ముప్ఫై రెట్లు. వానలో చెంబూ గంగాళమూ పక్కపక్కన పెట్టినట్టు. పెళ్ళి మంటపంలో, సాయంత్రపు వీధిలో, ఒకే ఎఫ్ సంఖ్యతో ఒకే వ్యవధిలో తీసినప్పుడు ఈ తేడా గరుకుగా, రంగుల వెలవెలగా ముఖాన కనిపిస్తుంది. అక్కడ బ్రిడ్జ్ కెమెరాకు పోటీయే లేదు.

దూరపు పక్షి సంగతి వేరు. నేలపట్టులో చెట్టు కొమ్మ మీద గూడబాతు ఉందనుకుందాం. దాని నుంచి వచ్చే వెలుగును పట్టేది కటకం నోరు. పి1000 నిజమైన నాభ్యంతరం, పూర్తిగా సాగినప్పుడు, 539 మి.మీ., ఎఫ్/8. అంటే దాని నోరు 67 మి.మీ. వృత్తిదారుల 600 మి.మీ. ఎఫ్/4 కటకం నోరు 150 మి.మీ. వైశాల్యంలో ఐదు రెట్లు. ఇందాకటి ముప్ఫై ఇక్కడ ఐదుకు దిగింది. ఖర్చు చూడండి. 2019లో సోనీ 600 మి.మీ. కటకం 13,000 డాలర్లకు, 2021లో ఎ1 కెమెరా 6,500 డాలర్లకు విడుదలయ్యాయి. పి1000 విడుదల ధర 1,000 డాలర్లు. ఐదు రెట్ల వెలుగుకు దాదాపు ఇరవై రెట్ల సొమ్ము. బరువు ఒకవైపు 3.8 కిలోలు, మరొకవైపు 1.4 కిలోలు.

మరొక లెక్క. 600 మి.మీ. చిత్రాన్ని 3000 మి.మీ. చూపుకు కత్తిరిస్తే ఎ1 సెన్సర్‌లోని 5 కోట్ల పిక్సెళ్ళలో 25వ వంతు, అంటే 20 లక్షలే మిగులుతాయి. పి1000 పెట్టె మీద 1.6 కోట్లని రాసి ఉంటుంది. కాని తొందరపడి గంతులు వేయకూడదు. ఎఫ్/8 దగ్గర వెలుగు తన తరంగ స్వభావం వల్ల ఒక బిందువును దాదాపు 10 మైక్రాన్ల చుక్కగా పరుస్తుంది. పి1000 పిక్సెల్ వెడల్పు 1.3 మైక్రాన్లు. ఒక్క చుక్క కిందే డజన్ల కొద్దీ పిక్సెళ్ళు పడి, అందరూ ఒకే సంగతి చెబుతుంటారు. కనుక ఎదురెండలో కదలని పక్షి మీద ఈ రెండు చిత్రాల నడుమ అంతరం ధరల అంతరమంత ఉండదు. అదే పక్షి మబ్బు పట్టిన వేకువలో రెక్క విప్పిందా, చిన్నది చతికిలపడుతుంది. ఇక మిట్టమధ్యాహ్నం పులికాట్ నీటి మీద గాలి ఎండమావిలా వణుకుతుంటే, పాతిక లక్షలు పెట్టినా కొన్న చూపు ఆ గాలిని దాటలేదు.

ఈ రెండు గట్లూ కలిసే చోటు కూడా ఒకటుంది. 2020లో కెనాన్ తన మిర్రర్‌లెస్ కెమెరాలకు 800 మి.మీ. ఎఫ్/11 కటకాన్ని 900 డాలర్లకు తెచ్చింది. దాని నోరు దాదాపు 73 మి.మీ. అంటే పి1000 నోటికి కాస్త పెద్దది. అద్దం కెమెరాలు చాలావరకు ఎఫ్/5.6 దాటితే, కొన్ని ఎఫ్/8 దాటితే, తమంతట తాము ఫోకస్ చేయలేకపోయేవి. ఎఫ్/11 చీకటిలో ఫోకస్ చేయగలిగింది సెన్సర్‌తోనే చూసే విద్య వల్ల. బ్రిడ్జ్ కెమెరాది విద్య మాత్రమే కాదు, కాస్త చీకటికి ఓర్చుకుంటే దూరం చవకగా దొరుకుతుందన్న బేరం కూడా అవతలి గట్టుకు చేరిందన్నమాట.

ఆ చవక దూరం ఎవరికి?

2010లో ప్రపంచ మార్కెట్లకు చేరిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2020లో 90 లక్షలకు లోపు. ఫోను మింగేసినది ఎక్కువగా ఊడిరాని కటకాల కెమెరాలనే. బ్రిడ్జ్ కెమెరాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 2025లో నికాన్ పి1100 వచ్చినా కటకం పాత పి1000దే.

దీన్ని కేవలం వ్యాపార వార్తగా తీసుకోలేను. ఫోను దగ్గరి మనిషిని చక్కగా తీస్తుంది. చెరువు అవతలి గట్టున వాలిన పిట్టను తీయలేదు. పిట్ట ఏదో తేల్చడానికి రెక్క మీది చార, ముక్కు వంపు, కాలి రంగు కనిపిస్తే చాలు. ఆ చిత్రం గోడకు వేలాడదీయనక్కరలేదు, సాక్ష్యం చెబితే చాలు. ఆ సాక్ష్యం పలికే శక్తిని బడిపంతులుకూ, కళాశాల విద్యార్థికీ, ఊరి చెరువును ఏళ్ళ తరబడి గమనించే రైతుకూ వారి అందుబాటులో ఇచ్చినది ఈ నడిమి కెమెరాయే. పిట్ట కొంచెం కూత ఘనం అన్నమాట దీనికి అక్షరాలా వర్తిస్తుంది. ఇది కనుమరుగైతే దూరంగా చూడడం మళ్ళీ సొమ్మున్నవారి, సంస్థల హక్కుగా మిగులుతుంది.

నన్నడిగే మిత్రులకు నా సలహా సూటిగానే ఉంటుంది. చీకటిలో మనుషులను తీయాలంటే, చిత్రం మీద బతకాలంటే, పెద్ద సెన్సర్ కొనండి. ఇరవై రెట్లు పెట్టలేక, వెలుతురున్న వేళ దూరాన్ని చూడాలనుకుంటే వంతెన మీదే నిలబడండి, నామోషీ అక్కరలేదు. అక్కడి నుంచి కదలకపోయినంత మాత్రాన మీకు పని రానట్టు కాదు. అవతలి గట్టువారు ఎక్కిన బండి కూడా ఈ వంతెన మీదే తయారైంది.